స్కేలు పక్కన పెట్టి ఒక చెండు

కాస్టింగ్ మీద అసైన్‌మెంట్ రాయడానికి మ్యాన్‌హోల్ మూతల ఫొటోలు వెతుకుతుంటే జపాన్‌లోని మత్సుమొతో అనే ఊరి మూత ఒకటి కనబడింది. రోడ్డు మీద డ్రైనేజీని కప్పే ఇనుప మూతే. దాని మీద మాత్రం రంగురంగుల చెండ్లు పోతపోసి ఉన్నాయి. గుండ్రటి బంతి మీద పూరేకులు, నక్షత్రాలు, ఒకదానిలోంచి ఒకటి దూరిపోయే పట్టీలు. ఇదేం డిజైన్ అని చూస్తే, అది ఆ ఊరివాళ్లు తరాలుగా దారంతో కుడుతున్న చెండు అని తెలిసింది. పేరు తెమరి. అసైన్‌మెంట్ ఎలాగో రాసి ఇచ్చేశాను కానీ చెండు మాత్రం బుర్రలోంచి పోలేదు.

మెకానికల్ మూడో సంవత్సరం కుర్రాడికి సూదీ దారంతో పనేంటని మీకు అనిపిస్తే తప్పులేదు. మా రూమ్‌మేట్లకూ అలాగే అనిపించింది. అయితే ఈ చెండు కుట్టడంలో సగం పని కుట్టు కాదు, జామెట్రీ. ఇంజనీరింగ్ గ్రాఫిక్స్‌ ఒకసారి తప్పి, సప్లీలో గట్టెక్కినవాణ్ణి నేను. ఆ సబ్జెక్టు నాకు ఎక్కడ అర్థం కాలేదో ఈ చెండు దగ్గర తెలిసింది. అందుకే ఈసారి మన పత్రికకు కవిత ఇవ్వకుండా పాఠం రాస్తున్నాను. చదివి ఊరుకోకండి, ఒకటి చేయండి.

ముందు కొంచెం కథ

జపాన్ భాషలో 'తె' అంటే చేయి, 'మరి' అంటే బంతి. కలిపితే చేతిబంతి. చైనా నుంచి చాలా శతాబ్దాల కిందట జపాన్‌కు కాలితో తన్ని ఆడే బంతాట ఒకటి వచ్చింది. దాన్ని కెమరి అంటారు. తర్వాత చేత్తో ఆడే బంతులు వచ్చాయి. పాత కిమోనోల పీలికలు ఉండచుట్టి, పైన దారం చుట్టి, అది విడిపోకుండా కుట్లు వేసేవాళ్లు. మొదట్లో పట్టుదారంతో గొప్పింటివాళ్లకే అందిన ఈ చెండు, ఎదో కాలంలో, అంటే 1603 నుంచి 1868 మధ్య, నూలుదారం అందరికీ దొరికేసరికి మామూలు ఇళ్లలోకి వచ్చింది. ఆ తర్వాత మెయిజీ కాలంలో రబ్బరు బంతులు దిగాయి. రబ్బరు బంతి బాగా ఎగురుతుంది, వానలో తడిసినా ఏమీ కాదు. పిల్లలు అటు వెళ్లిపోయారు. దారపు చెండు ఆటలోంచి తప్పుకుని అలంకారంగా, కానుకగా మిగిలింది.

ఇప్పటికీ కొన్ని ప్రాంతాలకు తమ తమ పద్ధతులున్నాయి. షికొకు దీవిలోని కగవాలో చేసే సనుకి కగరి తెమరిలో లోపల ధాన్యపు ఊక పోస్తారు, పైన చెట్ల రంగులద్దిన నూలుదారం వాడతారు. ఊక, నూలు. ఈ రెండూ మనకు కొత్త కాదు కదా!

చెండు కూడా మనకు కొత్త కాదు. పెళ్లిలో వధూవరులు పూలచెండ్లు విసురుకుంటారు. ఏడుపెంకులాటకు పాత గుడ్డలు ఉండచుట్టి, పురికొస బిగించి బంతి చేసుకోవడం మనలో చాలామందికి తెలుసు. తెమరి అసలు పుట్టుక కూడా అదే, గుడ్డపీలికల బంతి. కాకపోతే వాళ్లు ఆ పైదారం దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లారు.

కావలసినవి

అన్నీ మన ఊళ్లలో దొరికేవే. నేను మా జహీరాబాద్ బజారులోనే కొన్నాను.

1. లోపలి ఉండకు: ఒక పాత సాక్సు, రెండు మూడు గుప్పిళ్ల ఊక. ఊక లేకపోతే టైలరు దగ్గర మిగిలిన గుడ్డపీలికలు.
2. కొంచెం ఉన్నిదారం. పాత స్వెట్టరు విప్పినదైనా సరే.
3. మిషన్ కుట్టే దారం పెద్ద రీలు ఒకటి. చెండు నేల రంగు ఇదే.
4. ఎంబ్రాయిడరీ దారం లచ్చులు, మూడు రంగుల్లో. ఆంకర్ లాంటివి ఏ ఫ్యాన్సీ షాపులోనైనా ఉంటాయి.
5. గీతల కోసం జరీదారం కొంచెం.
6. పొడవాటి సూది ఒకటి, రంగు తలలున్న గుండుసూదులు ఇరవై, కత్తెర.
7. కాగితం పట్టీ ఒకటి. అర సెంటీమీటరు వెడల్పు, ఒక అడుగు పొడవు. మొత్తం పనికి ఇదే కొలత పరికరం.

రంగులకు ఒకే ఒక్క సలహా. నేల ముదురుగా, కుట్టు వెలుగ్గా ఉండాలి. మా జహీరాబాద్ చుట్టుపక్కల తండాల్లో లంబాడీ అవ్వల బట్టలు చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ముదురు ఎరుపు మీద, నీలం మీద తెలుపూ పసుపూ ఎంత దూరం నుంచి కనబడతాయో వాళ్లకు ఎప్పుడో తెలుసు.

ఉండ చేయడం

సాక్సు మడమ భాగం కత్తిరించి పక్కన పడేయండి. మిగిలిన దాంట్లో ఊక పోసి గట్టిగా ముడివేయండి. ఊగించినప్పుడు చప్పుడు రావాలంటే, ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీలో రెండు మువ్వలు వేసి ఊక మధ్యలో పెట్టండి. అరచేతుల మధ్య లడ్డూ చుట్టినట్టు తిప్పుతూ గుండ్రంగా చేయండి.

ఇప్పుడు ఉన్నిదారం చుట్టండి. తర్వాత దానిమీద మిషన్ దారం. ఇక్కడ ఒకటే నియమం: ఒకే దారిలో రెండుసార్లు చుట్టకూడదు. ప్రతి చుట్టుకూ చెండును కొంచెం తిప్పుతూ ఉండాలి. ఎత్తుగా ఉన్నచోట దారం కాస్త బిగించి లాగితే అక్కడ అణుగుతుంది. లోపలి రంగు ఎక్కడా కనబడనంతవరకూ, సూది గుచ్చితే దారాల పొరలో పట్టు దొరికేంతవరకూ చుట్టాలి. నాకు మూడు వందల మీటర్ల దాకా పట్టింది. రెండు సాయంత్రాల పని. ఫోన్‌లో పాఠం వింటూ చేసుకోవచ్చు. మధ్యమధ్య చెండును నేలమీద దొర్లించి చూడండి. తిన్నగా పోకుండా ఒకవైపు ఒరిగితే అటు ఇంకా పని ఉందన్నమాట.

చుట్టేటప్పుడు మీకే ఒక విషయం తెలుస్తుంది. దారాన్ని చెండు నడుము చుట్టూ, అంటే దాని అతిపెద్ద చుట్టు మీదుగా బిగిస్తే కదలకుండా కూచుంటుంది. నడుముకు పైన, ధ్రువానికి దగ్గరగా చిన్న చుట్టు చుట్టి బిగిస్తే పైకి జారిపోతుంది. బిగించిన దారం ఎప్పుడూ దగ్గరి దారే వెతుక్కుంటుంది. గోళం మీద రెండు చోట్ల మధ్య దగ్గరి దారి అతిపెద్ద చుట్టు మీదే ఉంటుంది. గ్రేట్ సర్కిల్ అని మనం చదివింది ఇదే. హైదరాబాద్ నుంచి అమెరికా పోయే విమానం మ్యాపు మీద వంకరగా ఎందుకు కనబడుతుందో దారానికి తెలుసు.

మా చెండు చుట్టుకొలత 24 సెంటీమీటర్లు వచ్చింది. మీరూ అదే సైజు ఎంచుకుంటే కింద చెప్పే లెక్కలు తేలిగ్గా ఉంటాయి.

చెండును భాగాలు చేయడం

ఈ దశను జపాన్‌లో జివరి అంటారు. నేలను పంచడం అని అర్థం. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు చెండు మీది నేలను సమాన భాగాలు చేయాలి. కుట్టు ఎంత బాగున్నా పంపకం తప్పితే చెండు తప్పినట్టే.

నేను మొదట ఇంజనీరులాగా మొదలుపెట్టాను. టేపు పెట్టి కొలిస్తే నా మొదటి చెండు 24.3 సెంటీమీటర్లు. ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కోటి 3.0375. టేపు మీద మిల్లీమీటరు గీత కంటే చిన్న గీత లేదు. సరే, 3 సెంటీమీటర్లు అనుకుని ఒక్కో గుండుసూదీ గుచ్చుకుంటూ పోయాను. ఎనిమిదో భాగం దగ్గరికి వచ్చేసరికి అది 3.6 వచ్చింది. మళ్లీ చేశాను. ఈసారి 2.5 వచ్చింది. ఒక శనివారం సాయంత్రం ఇంట్లో ఇదే పని, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని.

అమ్మ మిషన్ మీదనుంచి లేచి వచ్చింది. మా అమ్మ జాకెట్లు కుడుతుంది.

"ఏంది బిడ్డా, గంటసేపటి సంది అంకెలు రాసుకుంట కూసున్నవ్?"

చెప్పాను. ఆమె ఒక పాత నోట్‌బుక్కులోంచి కాగితం చించి, సన్నగా పట్టీ కత్తిరించి, చెండు చుట్టూ తిప్పి, కొసలు కలిసినచోట తుంచింది. దాన్ని సగానికి మడిచింది. మళ్లీ సగానికి. మళ్లీ సగానికి.

"ఇగో, ఎనిమిది. దీనికి అంకెలెందుకు?"

నేను బిత్తరపోయి చూస్తుంటే ఇంకో మాట అంది. "జాకెట్ బట్టను మడతపెట్టి కత్తిరిస్తే రెండు దిక్కులా ఒక్క తీరు వస్తది. రెండుసార్లు కొలిచి కత్తిరిస్తే రెండు తీర్ల వస్తది."

గ్రాఫిక్స్‌ క్లాసులో చైన్ డైమెన్షనింగ్ గురించి చెప్పినప్పుడు నేను నోట్సు రాసుకున్నాను కానీ అర్థం చేసుకోలేదు. ఒకదాని చివర నుంచి ఇంకోటి కొలుచుకుంటూ పోతే ప్రతి కొలతలోని చిన్న తప్పు తర్వాతి దానికి చేరుతుంది. ఒక్కోటి ముప్పావు మిల్లీమీటరు తప్పినా ఏడు కొలతలకు అర సెంటీమీటరు దాటుతుంది. నా చెండు మీద అదే జరిగింది. మడతలో అలా కూడదు. మొత్తం ఎంతో అంతే ఉంటుంది, లోపల పంపకమే జరుగుతుంది. అది 24.3 అయినా, 24.37 అయినా కాగితానికి పట్టింపు లేదు. తెమరి నేర్పేవాళ్లు కూడా ఇదే కాగితం పట్టీ వాడతారని తర్వాత చూశాను. అమ్మ ఎప్పుడూ తెమరి చూసింది లేదు.

ఇక పద్ధతి ఇది.

మొదట ఎక్కడైనా ఒక గుండుసూది గుచ్చండి. అదే ఉత్తర ధ్రువం. కాగితం పట్టీ ఒక కొసను ఈ సూదికే గుచ్చి, చెండు చుట్టూ తిప్పి, మళ్లీ సూదిని తాకినచోట కత్తిరించండి. పట్టీని సగానికి మడిచి గోటితో నొక్కండి. ఇంకోసారి మడవండి. విప్పితే సగం దగ్గర ఒక మడత, పావుల దగ్గర రెండు మడతలు కనబడతాయి.

పట్టీని మళ్లీ చెండు చుట్టూ పెట్టి, సగం మడత దగ్గర రెండో సూది గుచ్చండి. ఇది దక్షిణ ధ్రువం. ఇక్కడ తొందరపడొద్దు. ఉత్తరపు సూది ఇరుసుగా పట్టీని పావు చుట్టు తిప్పి మళ్లీ చూడండి. సగం మడత అదే సూది మీద పడాలి. పడకపోతే, రెండు చోట్లకూ మధ్యలోకి సూదిని జరపండి. నాలుగైదు దిక్కుల నుంచి చూసి తేల్చుకోండి.

పావు మడత దగ్గర భూమధ్యరేఖ. పట్టీని తిప్పుతూ ఎనిమిది చోట్ల, సుమారు దూరంలో, పావు మడత దగ్గర సూదులు గుచ్చండి. ఇప్పుడు పట్టీని తీసి ఎనిమిది మడతలు చేసి, ఈ సూదుల వరుస చుట్టూ నడికట్టులా పెట్టండి. మడతలు ఎక్కడ పడితే అక్కడికి సూదుల్ని సర్దండి. 24 సెంటీమీటర్ల చెండుకు సూదికీ సూదికీ 3 సెంటీమీటర్లు వస్తుంది. కానీ దాన్ని స్కేలుతో కొలవకండి, మడతనే నమ్మండి.

ఎన్ని సూదులు గుచ్చారో ఒక కాగితం మీద రాసుకోండి. పని అయ్యాక అన్నీ లెక్కకు రావాలి. హాస్టల్ మంచం మీద ఒకటి తక్కువ వస్తే ఏమవుతుందో మా రూమ్‌మేట్‌ను అడగండి.

గీతలు

జరీదారం మీటరున్నర తీసుకోండి. చెండు చుట్టూ నాలుగు నిలువు చుట్లు, ఒక అడ్డచుట్టు, మొత్తం ఐదు చుట్లకు 120 సెంటీమీటర్లు. మిగతాది కొసలకు.

ముడి వేయకండి. ఉత్తర ధ్రువానికి మూడు సెంటీమీటర్ల దూరంలో సూది గుచ్చి, దారాల పొర లోపల నడిపి, ధ్రువం దగ్గర పైకి తీయండి. దారం తోక లోపల దాగిపోయేదాకా లాగండి. అక్కడి నుంచి ఒకటో సూది మీదుగా దక్షిణ ధ్రువానికి, అక్కడి నుంచి ఐదో సూది మీదుగా తిరిగి ఉత్తరానికి. తర్వాత రెండు, ఆరు. మూడు, ఏడు. నాలుగు, ఎనిమిది. ధ్రువం దగ్గర అన్నీ కలిసినచోట ఒక చిన్న కుట్టు వేసి బిగించండి. దక్షిణంలో కూడా అంతే. చివరగా భూమధ్యరేఖ వెంట ఒక చుట్టు. ప్రతి కూడలిలో ఒక కుట్టు.

చెండు ఇప్పుడు గ్లోబులా ఉంటుంది. రెండు ధ్రువాలు, ఎనిమిది రేఖాంశాలు, ఒక భూమధ్యరేఖ, పదహారు ముక్కలు.

పువ్వు కుట్టడం

మొదటి చెండుకు చామంతి పువ్వు మంచిది. జపాన్‌లో దీన్ని కికు అంటారు. కుట్టు పేరు ఉవగకె చిదొరి కగరి. చిదొరి ఒక చిన్న పిట్ట. అది అటొక అడుగు ఇటొక అడుగు వేస్తూ నడుస్తుంది. తాగినవాడి తూలుడు నడకకు కూడా జపాన్‌లో ఈ పిట్ట పేరే పెట్టారు. మన కుట్టు కూడా అలాగే పైకీ కిందికీ తూలుతూ పోతుంది. టైలరింగ్ నేర్చినవాళ్లకు హెరింగ్‌బోన్ అంటే తెలుస్తుంది.

ధ్రువం నుంచి భూమధ్యరేఖకు 6 సెంటీమీటర్లు. ప్రతి గీత మీదా ధ్రువం నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర ఒక సూది గుచ్చండి. పట్టీలో పావును మూడు మడతలు చేస్తే రెండో మడత దగ్గర అదే వస్తుంది.

ఎంబ్రాయిడరీ దారాన్ని ఒకటో గీత పక్కన, ధ్రువానికి అర సెంటీమీటరు దూరంలో పైకి తీయండి. అక్కడి నుంచి రెండో గీత మీది గుండుసూది కిందికి తీసుకెళ్లండి. గీతకు కుడివైపు నుంచి ఎడమవైపుకు, గీత కింద ఉన్న దారాల పొరను కొంచెం పట్టుకుని చిన్న కుట్టు వేయండి. తర్వాత మూడో గీత మీద పైన, ధ్రువం దగ్గర. నాలుగో గీత మీద కింద. ఇలా పైన, కింద, పైన, కింద అంటూ చుట్టూ తిరిగి ఒకటో గీతకు వస్తే నాలుగు మొనల నక్షత్రం వస్తుంది. చేతిని కదపడం కంటే చెండును తిప్పడం సులువు.

రెండో రంగుతో ఇదే పని, ఈసారి రెండో గీత నుంచి. ముందు కింద కుట్టిన గీతల మీద ఇప్పుడు పైన, పైన కుట్టిన వాటి మీద కింద. రెండు నక్షత్రాలు కలిసి ఎనిమిది రేకులవుతాయి.

తర్వాత మళ్లీ మొదటి రంగు. కింది కుట్టు పాత కుట్టుకు ఆనుకుని భూమధ్యరేఖ వైపు. పై కుట్టులోనే ఉంది కిటుకంతా. కొత్త కుట్టు పాత కుట్ల కంటే ఒక్క దారం మందం కిందికి రావాలి. ఆ గీత మీద అప్పటికే ఉన్న దారాలన్నిటినీ చుట్టి, వాటి కిందినుంచి సూది దూరాలి. అందుకే ప్రతి వరుసకూ పై కుట్టు కొంచెం వెడల్పవుతూ పోతుంది. రంగులు ఒకదాని వెనక ఒకటి వేసుకుంటూ పోతే రేకులు ఒకదానిలో ఒకటి అల్లుకున్నట్టు కనబడతాయి. దారం మందాన్ని బట్టి పన్నెండు, పదిహేను వరుసలకు భూమధ్యరేఖ దగ్గరికి చేరతారు.

దక్షిణంలో కూడా ఇదే పువ్వు. చివరగా నడుము చుట్టూ జరీ గీతకు అటూ ఇటూ మూడేసి చుట్లు వేసి, పైన అడ్డదిడ్డంగా కుట్టి బిగించండి. దీన్ని ఒబి అంటారు, కిమోనో మీది నడికట్టు పేరే. దారం అయిపోయినప్పుడల్లా సూదిని పొర లోపల నాలుగు సెంటీమీటర్లు నడిపి పైకి తీసి, చెండుకు ఆనించి కత్తిరించండి. ముడి కనబడకూడదు.

విప్పడం

ఇది ఏ వీడియోలోనూ సరిగా చెప్పలేదు, అందుకే వేరే శీర్షిక పెట్టాను.

నా చెండు తొమ్మిదో వరుసలో ఉండగా ఒక రేకు పక్క రేకు కంటే పొడవుగా కనబడింది. తేడా రెండు మిల్లీమీటర్లు. ఒబి వేస్తే కనబడదులే అనుకున్నాను. ఆదివారం ఇంటికి తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాను. చెండును ఒక్కసారి తిప్పి, సరిగ్గా ఆ రేకు మీద బొటనవేలు పెట్టింది.

"ఈ రెక్క కుంటుతుంది."

"ఎవరికీ కనబడదమ్మా."

"చంక దగ్గర పావు ఇంచు తక్కువైనా కనవడదు. తొడుక్కున్నామెకు చెయ్యి లేవదు, గంతే. విప్పు."

మూడు రాత్రుల పని. విప్పుతుంటే తప్పు ఎక్కడుందో తెలిసింది. కుట్టులో కాదు, దాని కింద గీతలో. దక్షిణ ధ్రువాన్ని నాలుగు దిక్కుల నుంచి చూడమని మీకు చెప్పాను కదా, నేను రెండు దిక్కుల నుంచే చూశాను. అందువల్ల ఐదో గీత పక్కకు ఒరిగింది. కాబట్టి కుట్లే కాదు, జరీ గీతలూ విప్పాల్సి వచ్చింది. విప్పిన దారం నలిగిపోతుంది, మళ్లీ పనికిరాదు. రెండు లచ్చులు పోయాయి.

నేను విప్పుతుంటే అమ్మ కూడా మిషన్ దగ్గర ఒక జాకెట్ చేతిని విప్పుతోంది. తనదీ పావు ఇంచే అట. అలా విప్పినదానికి ఎవరూ డబ్బులు ఇవ్వరు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, కానీ అది పని అని నాకు ఎన్నడూ అనిపించలేదు. అప్పుడు నాకు గుర్తొచ్చిన విషయం కొంచెం సిగ్గుగానే రాస్తున్నాను. ఇంజనీరింగ్‌లో చేరేటప్పుడు ఫారంలో తల్లి వృత్తి అన్నచోట నేను 'గృహిణి' అని రాశాను. ఎవరూ రాయమనలేదు. చెయ్యి దానంతట అదే రాసింది.

ఇది మా ఇంటి కథే కాదు. పశ్చిమగోదావరిలో నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు క్రోషియా సూదితో అల్లే లేసు దేశదేశాలకు పోతుంది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ లేసు అల్లేవాళ్ల మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. రోజంతా అల్లుతున్నా వాళ్లను కార్మికులుగా కాక ఇంట్లో ఖాళీ సమయం గడుపుతున్న గృహిణులుగానే లెక్కవేశారని, కూలి అంత తక్కువగా ఉండటానికి అదొక కారణమని ఆమె వాదన. నేను చెండు కుడితే హాబీ. అమ్మ జాకెట్ కుడితే ఖాళీగా ఉండలేక చేసేది. రెండింటిలోనూ అదే సూది, అదే దారం, అదే మడత.

ఈ ఏడు స్కాలర్‌షిప్ ఫారంలో ఆ గడిలో 'టైలర్' అని రాశాను. అమ్మకు చూపిస్తే సంతోషపడుతుందనుకున్నాను. "గట్ల రాస్తే స్కాలర్‌షిప్ ఆపుతరేమో" అని భయపడింది. ఆ భయం ఉత్తది అని నేను అనలేకపోయాను. పక్క గడిలో ఆదాయం కూడా రాయాలి మరి. ఇద్దరం కూచుని, ఒక నెలలో ఎన్ని జాకెట్లు, దారానికెంత, హుక్కులకెంత, కరెంటుకెంత అని మొదటిసారి లెక్క వేశాం. ఇన్నేళ్లుగా ఎవరూ వేయని లెక్క. వచ్చిన అంకె చూసి అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "విప్పిన గంటలు ఇండ్ల లేవు గదా" అంది. ఆ అంకెతోనే ఫారం ఇచ్చేశాను.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకు

ఎనిమిది భాగాల చెండు చేతికొచ్చాక అసలు మజా మొదలవుతుంది. గోళం మీద ఒకదానికొకటి సమాన దూరంలో పన్నెండు కేంద్రాలు పెట్టొచ్చు. ఫుట్‌బాల్ మీద నల్లటి ఐదుభుజాల ముక్కలు పన్నెండు ఉంటాయి చూడండి, అవే చోట్లు.

భూమధ్యరేఖను పది భాగాలు చేసి పది నిలువు గీతలు వేయండి. బేసి గీతల మీద ఉత్తర ధ్రువం నుంచి, సరి గీతల మీద దక్షిణ ధ్రువం నుంచి ఒకే దూరంలో సూదులు గుచ్చండి. పైన ఐదు, కింద ఐదు, ధ్రువాలు రెండు, మొత్తం పన్నెండు. మరి ఆ దూరం ఎంత? తెమరి చేసేవాళ్ల సూత్రం: చుట్టుకొలతలో ఆరో వంతు, దానికి నూరో వంతు కలపాలి. 24 సెంటీమీటర్ల చెండుకు 4, దానికి 0.24 కలిపితే 4.24.

దీన్ని మన పద్ధతిలో సరిచూద్దాం. పక్కపక్క కేంద్రాల మధ్య కోణం విలువ టాన్ ఇన్వర్స్ 2, అంటే 63.43 డిగ్రీలు. 360లో దాని వాటా తీసి 24తో గుణిస్తే 4.229. తేడా పదో వంతు మిల్లీమీటరు. మనం కుట్టే దారం మందం కంటే తక్కువ. కాలిక్యులేటర్ లేకుండా వాడే సూత్రం దారం మందంలో దాగిపోయేంత దగ్గరగా ఉంది.

ఈ పన్నెండు కేంద్రాలనూ గీతలతో కలిపితే చెండు 120 చిన్న త్రిభుజాలవుతుంది. పది గీతలు కలిసే కూడళ్లు 12, ఆరు గీతలు కలిసేవి 20, నాలుగు గీతలు కలిసేవి 30. మొత్తం 62 కూడళ్లు, 180 అంచులు, 120 ముఖాలు. ఆయిలర్ సూత్రం పెట్టి చూడండి: 62 నుంచి 180 తీసి 120 కలిపితే 2. మొదటి చెండుకు కూడా చూడండి: 10 కూడళ్లు, 24 అంచులు, 16 ముఖాలు. అదీ 2.

చివరగా

నా మొదటి చెండు పూర్తవడానికి, విప్పిన రోజులతో కలిపి, ఐదు వారాలు పట్టింది. ముదురు నీలం మీద పసుపు, తెలుపు. ఇప్పుడు అది అమ్మ మిషన్ మీద, నూనె డబ్బా పక్కన ఉంది. మొన్న జాకెట్ తీసుకోవడానికి వచ్చిన ఒకామె దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది ఎంతకిస్తరు?" అని అడిగిందట. "అమ్మేది కాదు, మా పిలగాడు చేసిండు" అని చెప్పిందట అమ్మ. ఆ తర్వాత నాకు ఫోన్ చేసి, ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టుకున్నావా అని అడిగింది. రాసుకోలేదు. మీరు మొదలుపెట్టేటప్పుడు, గుండుసూదుల లెక్కతోపాటు అది కూడా రాసుకోండి.